కర్ర మరిగించిన అల్లుడు

2వ తేదీ

అల్లుడుగారికి, కాలు చాపుకుని కూర్చున్న అత్తగారు ఆశీర్వదించి రాయునది.

మోకాలి ఆపరేషన్ అయింది. బాగా కుదిరిందన్నాడు డాక్టరు. కుదిరింది ఆయనకి. నాకు మంచం దిగడానికే ఇద్దరు మనుషులు కావాలి. మా చెల్లెలి ఇల్లు మూడో అంతస్తు. కిటికీలోంచి చూస్తే ఎదురింటివాళ్ళు ఆరేసిన దుప్పట్లు తప్ప ఏమీ కనబడవు. మా చెల్లెలు రోజుకి ఐదుసార్లు పల్చటి టీ ఇస్తుంది. నలభై ఏళ్ళు బీరు కాచినదాన్ని, ఆ టీ తాగి బాగుందని అబద్ధం చెప్పి బతుకుతున్నాను.

ఇక అసలు విషయం. మీరు ఆసుపత్రి మందుల గదిలో పనిచేసే మనిషి. మా బీరు పనిలో మిమ్మల్ని వేలు పెట్టమని నేనెప్పుడూ అడగలేదు, మీరూ పెట్టలేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో, బీరు కాచే మా కాపు గదిలోకి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ తుమ్మి వెళ్ళిపోయారు. అమ్మాయికా, చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ముక్కు వాసన పట్టడం మానేసింది. దాన్ని నమ్మి పీపాలు అప్పజెప్పలేను. అందుకని మీకే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

వచ్చే నెల 5న బీరు కాచేవాళ్ళ సంఘం పెద్దలు మనింటికి వస్తారు. ఐదేళ్ళకోసారి జరిగే పరీక్ష ఇది. రెండు రకాలు రుచి చూస్తారు. రెండేళ్ళు పీపాలో ఊరిన పాతది ఒకటి, పదిహేను రోజుల కొత్తది ఒకటి. రెండింట్లోనూ ఈ ఇంటి వాసన ఉంటే మన పీపాల మీద ముద్ర వేస్తారు. ముద్ర లేకపోతే ఊళ్ళో ఏ బారువాడూ మన సరుకు ముట్టడు. నాలుగు తరాల పొయ్యి ఆర్పేసుకోవడమే.

కొత్త కాపు నేను వచ్చి 19న కాస్తాను. ఈలోగా మీరు చెయ్యాల్సింది చాలా తక్కువ. సాయంత్రం పూట నేలమాళిగలోకి దిగి, నాలుగు పీపాలకీ చెవి ఆనించి వినండి. బీరు ఆవిరై పీపాలో జాగా ఏర్పడితే గాలి చేరి పులిసిపోతుంది, అందుకని చిన్న పీపాలోంచి కాస్త తీసి నింపుతూ ఉండండి. అంతే. శుభ్రం సంగతి మాత్రం పెట్టుకోకండి. మీకెందుకు శ్రమ.

ఇట్లు,
మీ అత్తగారు.

తా.క. నిజంగానే చెబుతున్నాను. శుభ్రం చెయ్యకండి.


6వ తేదీ

అత్తగారికి, సబ్బుతో రెండుసార్లు కడుక్కున్న చేతులతో నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టే రోజూ సాయంత్రం ఆరుంపావుకి నేలమాళిగలోకి దిగుతున్నాను. ఉత్త చెవితో వింటే సరిగ్గా లెక్క తేలడం లేదని ఆసుపత్రి నుంచి స్టెతస్కోపు తెచ్చాను. మొదటి పీపాలో నిమిషానికి ఇరవై రెండు బుడగలు. రెండోదానిలో పద్నాలుగు. మూడోదానిలో తొమ్మిది. నాలుగోదానిలో, అంటే మీ రెండేళ్ళ పీపాలో, ఏమీ లేదు. నాలుగువైపులా పెట్టి చూశాను. చనిపోయిందేమోనని అనుమానంగా ఉంది. మా పెద్ద డాక్టరుగారిని అడిగితే, పేషెంటుని చూడకుండా ఏమీ చెప్పలేను, తీసుకురమ్మన్నారు. దాని బరువు చెప్పాక ఆయన రౌండ్స్‌కి వెళ్ళిపోయారు.

శుభ్రం పెట్టుకోవద్దని మీరు రెండుసార్లు రాశారు. అల్లుడితో చాకిరీ చేయించుకోవడం ఇష్టంలేక మొహమాటపడి అలా రాశారని నాకు తెలుసు. మీ అమ్మాయి కూడా, అమ్మ వద్దందంటే వద్దనే అంది. కానీ మీరు కాలు కదపలేని స్థితిలో ఉంటే నేను చేతులు ముడుచుకుని కూర్చోవడం నాకు నచ్చలేదు. నేలమాళిగ మెట్లు కడిగాను. బిరడాలు స్పిరిటుతో తుడిచాను. సీసాలు ఎత్తు ప్రకారం సర్దాను.

మీరు నిశ్చింతగా ఉండండి.

మీ విధేయుడైన అల్లుడు.

తా.క. కాపు గదిలో పెద్ద తొట్టి పైన మేకుకి ఒక పాత కర్ర వేలాడుతోంది. నల్లగా, పొలుసులు కట్టి, ముట్టుకుంటే జిగురుగా ఉంది. ఇన్నాళ్ళూ మీ కంట పడలేదనుకుంటాను. పొలుసులన్నీ గీకి, నలభై నిమిషాలు మరిగించి, ఎండబెట్టి వార్నిష్ వేశాను. ఇప్పుడు అందులో ముఖం చూసుకోవచ్చు.


9వ తేదీ

మహారాజశ్రీ అల్లుడుగారి దివ్యసముఖానికి.

తమరి ఉత్తరం అందింది. తా.క. దాకా కూర్చునే చదివాను. ఆ తరవాత మా చెల్లెలు నీళ్ళు చల్లింది.

తమరు ఎంతో శ్రమ తీసుకుని మరిగించింది మా అత్తగారి అత్తగారు స్వయంగా చెక్కిన కర్ర. ప్రతి కాపులోనూ దానితోనే కలుపుతాం. నురగ దానికి పట్టి ఎండుతుంది. ఆ పొలుసుల్లో ఈస్టు నిద్రపోతుంది. మళ్ళీ కాచినప్పుడు, గోరువెచ్చటి బార్లీ రసంలో కర్ర ముంచితే లేచి పని మొదలుపెడుతుంది. ఈ ఇంటి వాసన అంటే అదే. అంటే తమరు మా నాలుగు తరాలనీ నలభై నిమిషాలు మరిగించి, పైన వార్నిష్ కూడా వేశారన్నమాట. ఇంత శ్రద్ధగా మా వంశానికి ఎవరూ ఏదీ చెయ్యలేదు.

రెండేళ్ళ పీపా చనిపోలేదు. దాని పని అయిపోయి ఊరుతోంది. దయచేసి దాన్ని ఎవరికీ చూపించకండి.

ఇంకో సంగతి. నన్ను వచ్చే నెల సగం దాకా కదలనివ్వనని డాక్టరు తేల్చేశాడు. కాబట్టి కొత్త కాపు తమరే కాయాలి. పద్ధతి విడి కాగితంలో రాశాను. మొలకబార్లీ మర పట్టించి, వేడినీళ్ళలో గంటన్నర నానబెట్టండి. వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడి కంటే కాస్త ఎక్కువ ఉండాలి. వడగట్టిన రసంలో చేదు కోసం హాప్ పూలు వేసి గంటసేపు కాచండి. వెడల్పాటి తొట్టిలో పోసి చల్లారనివ్వండి. అక్కడిదాకా ఎవరైనా చేస్తారు. ఆ తరవాత కర్ర ముంచాలి. ఏ కర్ర ముంచుతారో తమరి ఇష్టం.

తమరి యోగక్షేమాలు ఎప్పుడూ కోరే,
అత్తగారు.

తా.క. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనే అలవాటు మా ఇంట్లో లేదు. ఒకవేళ ఉండి ఉంటే ఏమేం అనేదాన్నో వేరే కాగితాల మీద రాసి మా చెల్లెలి బీరువాలో దాచాను. ఆరు పేజీలు వచ్చింది.


13వ తేదీ

అత్తగారికి, తల ఎత్తుకోలేక రాయునది.

ఆ ఆరు పేజీలు పంపించండి. చదవడానికి నేను తగినవాణ్ణే.

మీ ఉత్తరం మందుల గదిలో నిలబడి చదివాను. పద్నాలుగేళ్ళుగా అక్కడ సూదులు, కత్తెరలు మరిగిస్తున్నాను. మరిగించడం తప్పు కావచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి వచ్చి మీ అమ్మాయికి చూపిస్తే, చదివి, మడిచి, బయట మెట్ల మీద కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. ‘ఆ గది మూతపడితే అమ్మ ఏం చేస్తుంది?’ అని మాత్రం అడిగింది.

గీకిన పొలుసుల కోసం వెతికాను. కొన్ని తూములోకి పోయాయి. మిగిలినవి చెత్త కాగితంలో చుట్టి పొయ్యిలో వేశానని గుర్తొచ్చింది. నేను ఏ పనీ సగంలో వదలను, అదే నా ఖర్మ.

అయినా కాపు నేనే కాస్తాను. పద్ధతి కాగితం మూడుసార్లు రాసుకుని గోడకి అంటించాను. ‘వేలు ఓర్చుకోగలిగినంత’ అన్నచోట థర్మామీటరు పెట్టి మీ అమ్మాయి వేలితో సరిచూసుకున్నాను. అరవై ఆరు డిగ్రీలు పెట్టుకుంటే సరిపోతుందనిపిస్తోంది.

ఎలాగూ వాసన పాడుచేశాను. కనీసం పెద్దలు వచ్చేసరికి గది అయినా చూడ్డానికి పద్ధతిగా ఉండాలని నిశ్చయించుకున్నాను. ఆ గోడలు ఎన్నేళ్ళ నుంచో నల్లగా, చెమ్మగా, బూజు పట్టి ఉన్నాయి. ఆదివారం నాడు నాలుగు గోడలకీ సున్నం వేస్తాను. నేను చేసిన సాయం మర్చిపోలేనిదని మీరే అంటారు.

మిమ్మల్ని క్షమాపణ అడగడానికి కూడా మొహం చెల్లని,
మీ అల్లుడు.

తా.క. ఒక్క చిన్న సందేహం. గీకిన తరవాత కర్ర చివర ఒక ముద్ర బయటపడింది. ‘పార పిడి, నాలుగో నంబరు’ అని ఉంది. కింద మన వీధి చివరి ఇనపసామాన్ల కొట్టు పేరుంది. ఆ కొట్టు పెట్టి ముప్పై ఎనిమిదేళ్ళే అయిందని వాళ్ళ బోర్డు మీద రాసి ఉంది. మీ అత్తగారి అత్తగారు దీన్ని ఎక్కడ కొన్నారంటారు?


16వ తేదీ

అల్లుడుగారూ,

సున్నం వద్దు.

ఇది మొహమాటం కాదు. మర్యాద కాదు. నాకు కుంచె అంటే గిట్టక కాదు. సున్నం వద్దు. బక్కెట్టు బయట పెట్టండి. తలుపు వెయ్యండి. గోడల వంక చూడను కూడా చూడకండి. ఆసుపత్రిలో మీకు నచ్చినన్ని సూదులు మరిగించుకోండి, ఆ గది జోలికి మాత్రం పోకండి.

కంగారులో,
మీ అత్తగారు.

తా.క. పార గురించి ఏదో రాసినట్టున్నారు. సరిగ్గా అక్కడే సిరా అలుక్కుపోయి చదవలేకపోయాను.


19వ తేదీ

అత్తగారికి, మోచేతుల దాకా సున్నంతో నమస్కరించి రాయునది.

మూడు గోడలు అయ్యాయి. తెల్లగా, ఆపరేషన్ గదిలా ఉన్నాయి. నాలుగోదాన్ని, అంటే ఉత్తరం వైపు కిటికీ ఉన్న గోడని, వెయ్యలేకపోయాను. నిచ్చెన ఎక్కి కుంచె పెట్టబోతే దూలం మూలలో ఒక సాలీడు ఉంది. గుడ్ల సంచీ పట్టుకుని కూర్చుంది. చీపురు చూపిస్తే కదల్లేదు. నేను దగ్గినా కదల్లేదు. ప్రసూతి వార్డులో మేం పేషెంట్లని కదపం. గోడంతా వదిలేసి దిగాను. మీ అమ్మాయి కింద నిలబడి నవ్వింది. నాలుగైదు రోజుల తరవాత నవ్వింది.

పదిహేడున కాపు కాచాను. రసం తేనె రంగులో వచ్చింది. మిగతా గోడల నుంచి సున్నం చుక్కలు పడుతున్నాయని తొట్టిని ఆ నాలుగో గోడ కిందికి జరిపి చల్లారబెట్టాను. వార్నిష్ కర్ర ముంచడానికి ధైర్యం చాలక కొత్త గరిటెతో కలిపాను. నలభై గంటలైంది. రోజుకి ఆరుసార్లు స్టెతస్కోపు పెడుతున్నాను. చప్పుడు లేదు. నురగ లేదు. చెరువులా ఉంది.

బేకరీ నుంచి ఈస్టు తెచ్చి వెయ్యమంటారా? ఇంటి వాసన రాదు, కానీ కనీసం పొంగుతుంది. మీరు చెప్పేదాకా ఆగుతాను.

చేతకాని,
మీ అల్లుడు.

తా.క. కవరు అంటించబోతుండగా మీ సున్నం వద్దనే ఉత్తరం వచ్చింది. అప్పటికే మూడు గోడలూ తెల్లబడిపోయాయి. మీకు సిరా అలుక్కుపోయిందన్నారు కాబట్టి ఆ సంగతి మాత్రం మళ్ళీ పెన్సిలుతో రాస్తున్నాను. పార పిడి. నాలుగో నంబరు. ముప్పై ఎనిమిదేళ్ళు.


22వ తేదీ

అల్లుడుగారికి,

నాకు భయంగా ఉంది. ఆపరేషన్ బల్ల మీద కూడా ఇంత భయపడలేదు. ఆ గదిలో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అది పోతే నేను ఎవర్నో నాకే తెలియదు.

బేకరీ ఈస్టు వెయ్యకండి. తొట్టి అక్కడినుంచి కదపకండి. మూత పెట్టకండి. ఉత్తరం కిటికీ తెరిచి ఉంచండి. సాలీడుని ఏమీ అనకండి, అది పురుడు పోసుకోవడానికి ఏం కావాలన్నా చెయ్యండి. మీరు కుర్చీ వేసుకుని కూర్చోండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. ఏమీ చెయ్యకుండా ఉండడం మీకు కష్టమని నాకు తెలుసు. అది ఒక్కటి చెయ్యండి.

మీ అత్తగారు.

తా.క. మా చెల్లెలు బీరువాలో ఆ ఆరు పేజీలు చూసి చదివింది. ‘ఇలాంటి మాటలు నీకు ఎక్కడినుంచి వచ్చాయే’ అని ముక్కున వేలేసుకుంది. కోపంతో ఒక పూట టీ ఇవ్వలేదు. మీ వల్ల నాకు జరిగిన మొదటి మేలు ఇదే.


6వ తేదీ

అత్తగారికి, కూర్చుని రాయునది.

నిన్న పరీక్ష అయింది. వరసగా చెబుతాను, లేకపోతే తడబడతాను.

ఇరవయ్యో తేదీ పొద్దున్న, అంటే మీ ఉత్తరం నాకు చేరకముందే, మీ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. స్టెతస్కోపు తన మెడలో ఉంది. ‘వచ్చి విను, అమ్మ గురకలా ఉంది’ అంది. విన్నాను. లోపల గరగరమని ఏదో కదులుతోంది. తొంగి చూస్తే తొట్టిలో నురగ. అంతటా కాదు, నాలుగో గోడ వైపు అంచు మీద, అరచేయంత. మధ్యాహ్నానికి సగం పాకింది. సాయంత్రానికి నిండిపోయి నేల మీద పడింది. నేను తుడవలేదు. దయచేసి ఈ వాక్యం రెండోసారి చదవండి.

తరవాత మీరు చెప్పినట్టే కుర్చీలో కూర్చున్నాను. ఆసుపత్రికి సెలవు పెట్టి మరీ కూర్చున్నాను. ముద్ర పడకముందే మీకు ఆశ పెట్టకూడదని వెంటనే రాయలేదు.

నిన్న ముగ్గురు పెద్దలు వచ్చారు. అందరూ ‘ముక్కు’ అని పిలిచే ఆ పెద్దాయన ముందు పాతది వాసన చూసి తలూపారు. కొత్తది గ్లాసుల్లో పోసి ఇచ్చాను. వాళ్ళు రుచి చూడకముందే నిజం చెప్పేశాను. ‘అయ్యా, ఇందులో ఇంటి ఈస్టు లేదు. కర్ర నేను మరిగించేశాను’ అన్నాను. ముక్కు గ్లాసు పక్కన పెట్టి నా వంక చూశారు. ‘ఓహో, ఈసారి నువ్వా’ అన్నారు. తాగారు. కళ్ళు మూసుకున్నారు. ‘పచ్చిగా ఉంది, కాపులో చెయ్యి ఇంకా కుదరాలి. కానీ ఈ ఇంటిదే’ అన్నారు. తెల్ల గోడల వంక చూసి, ఆ నాలుగోదాన్ని ఎందుకు వదిలావని అడిగారు. సాలీడు సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వి, ముద్ర తీసి పీపాల మీద కొట్టారు.

మీ అమ్మాయి ఏడ్చింది. నేనూ కాస్త ఏడ్చాను. మీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

మీ అల్లుడు.

తా.క. ‘ఈసారి’ అంటే ఏమిటి? మీ అమ్మాయికీ తెలియదట.


9వ తేదీ

ఒరేయ్ నాయనా,

నీ ఉత్తరం చదివి మా చెల్లెల్ని పిలిచి టీ అడిగి తాగాను. నా సంతోషం నీకు అంతకంటే ఎలా చెప్పాలో తెలియదు.

నీ పార పిడికి ఇప్పుడు జవాబు రాస్తాను. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, తడిసిన కట్టెలు అంటుకోక, చేతికందిన ఎండు కర్ర పొయ్యిలో పెట్టేశాను. సగం కాలాక గుర్తుపట్టాను. మా అత్తగారు ఊళ్ళో లేరు. పరిగెత్తుకెళ్ళి, కొత్తగా తెరిచిన కొట్టులో పార పిడి కొని, మసీ బీరు మడ్డీ రాసి, ఆ మేకుకే తగిలించాను. ఆ కాపు పొంగదని ఏడుస్తూ కూర్చున్నాను. మూడో రోజు పొంగింది. పంతొమ్మిదేళ్ళు నా అత్తగారు ఆ పార పిడితోనే కలిపారు. నేను చూపు తిప్పుకునేదాన్ని.

పోయే ముందు ఆవిడ నన్ను దగ్గరికి పిలిచారు. ‘నువ్వు కాల్చింది నేను తగిలించిన నిచ్చెన మెట్టే, దిగులు పడకు’ అన్నారు. అసలు కర్రని ఆవిడే పెళ్ళయిన ఏడు బట్టలు ఉతికే రోజు విరగ్గొట్టారట. అదైనా అసలుదని ఆవిడకి నమ్మకం లేదు. ఆ రహస్యం ఇల్లు దాటలేదనుకున్నాను. ఆ ముక్కు పెద్దాయనకి ఆవిడే ఎప్పుడో చెప్పి ఉంటారు. మా అత్తగారికి ఆయన చిన్నాన్న కొడుకు.

ఈస్టు కర్రలో లేదురా. గోడల్లో ఉంది, దూలాల్లో ఉంది, ఆ బూజులో ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళ చెయ్యి ఊరుకోదు. ఏదో ఒకటి కడుగుతుంది, కాలుస్తుంది. ఆ చెయ్యి ముందు కర్ర మీద పడాలనే దాన్ని అక్కడ వేలాడదీస్తారు. అది పోగానే ఇంట్లో పెద్దది గుండెలు బాదుకుంటుంది. వాళ్ళు హడలిపోయి ఇంకేదీ ముట్టుకోరు. గోడలు బతుకుతాయి. నేను నా వంతుకి శాయశక్తులా బాదుకున్నాను. హడలిపోయి సున్నం కొన్న మొదటివాడివి నువ్వే. అక్కడినుంచి నా భయం నటన కాదు.

పదకొండేళ్ళు మా ఇంట్లో ఏ వస్తువునీ ముట్టుకోకుండా చుట్టంలా తిరిగావు. నేనూ ‘గారు’ అంటూ గుమ్మం దగ్గరే నిలబెట్టాను. కర్ర పాడుచేశావు కాబట్టి నువ్వు ఇక ఈ ఇంటివాడివి. నేను వచ్చినా ఆ మెట్లు దిగలేను. కాపు నువ్వు కాయాలి. నేను పైన కుర్చీలో కూర్చుని అరుస్తాను. దానికి వాసన తెలియకపోతేనేం, వినడానికి మీ ఆవిడ ఉంది.

సున్నం గోడలు గీకకు. నాలుగోదే నెమ్మదిగా వాటికి నేర్పుతుంది. ఆ ఆరు పేజీలూ ఇందులో పెడుతున్నాను. అప్పుడు అల్లుడివని పంపలేదు.

అమ్మలాంటి,
అత్త.

తా.క. ఆ పార పిడినే మళ్ళీ తగిలించు. వార్నిష్ గీకి, ముద్ర చెరిపి, మసి పట్టించు. ముద్ర చెరిపే తెలివి లేకే నేను నీకు దొరికాను. మరీ ఎత్తులో వద్దు. తరవాత వచ్చేవాళ్ళ చేతికి అందాలి.